కొత్తవాడ జంపఖానా యాప్: ట్యాబ్లెట్ల డెన్సిటీ లెక్కల డైరీ

పని ఏంటంటే

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లు డిజైన్‌ను గ్రాఫ్ కాగితం మీద గీయించుకుని మగ్గం దగ్గర పెట్టుకుంటారు. గడి చూసి రంగు మారుస్తారు, వరుస చూసి పేక (అడ్డం దారం) వేస్తారు. కాగితం నలిగిపోతుంది, చేతి చెమటకు గీతలు చెదురుతాయి, ఎన్నో వరుసలో ఉన్నామో పెన్సిల్‌తో పెట్టుకున్న గుర్తు మర్నాటికి కనిపించదు. ఆ కాగితం స్థానంలో ఒక ట్యాబ్లెట్ పెట్టాలన్నది మా ప్రాజెక్టు. గడిగడికీ రంగు కనిపించాలి, నడుస్తున్న వరుస వెలగాలి. కొనేవాళ్లకు చూపించడానికి, నేసేవాళ్లు స్కేలు పెట్టి సరిచూసుకోవడానికి పువ్వును అసలు కొలతలో చూపించే పేజీ ఒకటి ఉండాలి.

వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే గుర్తింపు) వచ్చింది. ఆ పేరు నిలబడాలంటే పువ్వు కొలత తప్పకూడదు. అందుకే ఈ డైరీలో ఎక్కువ భాగం స్క్రీన్ డెన్సిటీ గురించే, అంటే అంగుళానికి ఇన్ని పిక్సెల్స్ అని ట్యాబ్లెట్ చెప్పుకునే అంకె గురించే. రంగులు, ఫాంట్లు, సేవ్ చేయడం వంటివి సులువుగానే నడిచాయి, వాటి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు.

చేతిలో ఉన్న ట్యాబ్లెట్లు

యాప్ కోసం కొత్త ట్యాబ్లెట్ కొనమని ఎవరికీ చెప్పలేం. ఇళ్లలో పిల్లల ఆన్‌లైన్ క్లాసులకు కొన్నవే ఉన్నాయి, వాటిమీదే నడవాలి. పరీక్షకు నాలుగు రకాలు దొరికాయి. కంపెనీ పేర్లతో మనకు పనిలేదు, కొలతలే కావాలి.

మొదటిది 10.1 అంగుళాల పాతది, 1280×800 పిక్సెల్స్. రెండోది 8 అంగుళాలది, అదీ 1280×800 పిక్సెల్సే. మూడోది 10.4 అంగుళాలు, 2000×1200. నాలుగోది 11 అంగుళాలు, 1920×1200.

ఒక్కోదాన్ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఏడీబీ షెల్‌లో (ల్యాప్‌టాప్ నుంచి ఆండ్రాయిడ్‌కు ఆదేశాలిచ్చే సాధనం) ‘డబ్ల్యూఎం సైజ్’, ‘డబ్ల్యూఎం డెన్సిటీ’ అని అడిగాను. ట్యాబ్లెట్ యాప్ చేసే ఎవరైనా మొదట చేయాల్సిన పని ఇదే. డబ్బా మీద రాసిన అంగుళాలు, పిక్సెల్స్ చూసి ‘ఇది ఫలానా కేటగిరీ అయ్యుంటుంది’ అని ఊహించుకుంటే లాభం లేదు. తయారుచేసినవాళ్లు ఆ ట్యాబ్లెట్‌లో ఏ డెన్సిటీ పెట్టారన్నదే ఆండ్రాయిడ్‌కు లెక్క. జవాబులు వరసగా 160, 213, 240, 240 అని వచ్చాయి.

ఈ నంబర్లు ఎక్కడివి

ఆండ్రాయిడ్‌లో డెన్సిటీ కేటగిరీలు కొన్నే. 120 అంటే ఎల్‌డీపీఐ, 160 అంటే ఎమ్‌డీపీఐ, 240 అంటే హెచ్‌డీపీఐ, 320 అంటే ఎక్స్‌హెచ్‌డీపీఐ, 480కి డబుల్ ఎక్స్, 640కి ట్రిపుల్ ఎక్స్. మధ్యలో 213 ఒకటి, టీవీడీపీఐ. వీటన్నిటికీ కొలబద్ద 160. యాప్‌లో సైజులను పిక్సెల్స్‌లో కాకుండా డీపీ అనే కొలతలో రాస్తాం. డెన్సిటీ 160 ఉన్న స్క్రీన్ మీద ఒక డీపీ అంటే ఒక పిక్సెల్. 240 మీద ఒక డీపీకి ఒకటిన్నర పిక్సెల్, 320 మీద రెండు. తిరగేసి చెప్పాలంటే, పిక్సెల్స్‌ను 160తో గుణించి డెన్సిటీతో భాగిస్తే డీపీలు వస్తాయి.

ఇవి రెడీమేడ్ చొక్కా నంబర్లలాంటివి. ఛాతీ 39 ఉన్నవాడూ 40 నంబరే తొడుక్కుంటాడు, ఆ నంబరు చూసి ఛాతీ కొలత చెప్పలేం. అంగుళానికి నిజంగా 149 పిక్సెల్స్ ఉన్న స్క్రీనూ 160 అనే చెప్పుకుంటుంది, 206 ఉన్నది 240 అని చెప్పుకోవచ్చు. ఈ తేడాను గుర్తుపెట్టుకుంటే తర్వాత వచ్చే చిక్కులు సగం అర్థమవుతాయి.

213 ఎందుకుందో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. అది 720 లైన్ల టీవీ కోసం పెట్టిన నంబరు. 1080 లైన్ల టీవీ అయితే 320 అని చెప్పుకుంటుంది. గోడకున్న పెద్ద టీవీలో అంగుళానికి 320 పిక్సెల్స్ ఎక్కడుంటాయి? 55 అంగుళాల టీవీలో లెక్కేస్తే 40 చిల్లర వస్తాయి, అంతే. అయినా 320 అని ఎందుకు పెట్టారంటే, టీవీని దూరం నుంచి చూస్తాం కాబట్టి ప్రతి అక్షరమూ పెద్దగా ఉండాలి. 1920×1080 పిక్సెల్స్‌ను 320తో లెక్కేస్తే 960×540 డీపీ. అంత పెద్ద టీవీలోనూ యాప్‌కు దొరికే చోటు ఒక చిన్న ట్యాబ్లెట్‌లో ఉన్నంతే. అంటే డెన్సిటీ అంగుళాలను కొలిచే సంఖ్య కానే కాదు. ‘ఈ స్క్రీన్‌ను ఇంత దూరం నుంచి చూస్తారు, అందుకు తగ్గట్టు బొమ్మను ఇంత పెద్దగా వేయి’ అని చెప్పే సంఖ్య.

మూడు ట్యాబ్లెట్లు, ఒక్కటే 800

పై లెక్కను మన నాలుగింటికీ వేశాను. అడ్డం, నిలువుల్లో చిన్నది ఏదో దాన్ని డీపీల్లోకి మార్చాలి.

10.1 అంగుళాలది: 800 పిక్సెల్స్, డెన్సిటీ 160, కాబట్టి 800 డీపీ. 10.4 అంగుళాలది: 1200 పిక్సెల్స్, డెన్సిటీ 240, మళ్లీ 800 డీపీ. 11 అంగుళాలదీ అంతే, 800 డీపీ. పిక్సెల్స్ వేరు, కేటగిరీ వేరు, కానీ లేఅవుట్ దృష్టిలో మూడూ ఒక్కటే. 8 అంగుళాలది మాత్రం 800ను 160తో గుణించి 213తో భాగిస్తే 601కి ఒక పిసరు తక్కువ. లేఅవుట్ మారే హద్దు 600, ఆ గీత మీద అంచున నిలబడి ఉంది.

పాత ట్యాబ్లెట్ల చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. 2011లో హనీకూంబ్‌తో (ఆండ్రాయిడ్ 3.0) వచ్చిన మోటొరోలా జూమ్ 1280×800, డెన్సిటీ 160. తర్వాత వచ్చిన నెక్సస్ 10 స్క్రీన్ 2560×1600, డెన్సిటీ 320. పిక్సెల్స్ నాలుగింతలైనా రెండూ 800 డీపీ వెడల్పువే. 2012 నెక్సస్ 7 మన 8 అంగుళాలదానిలాగే 1280×800, డెన్సిటీ 213. 2013లో వచ్చిన నెక్సస్ 7 స్క్రీన్ 1920×1200, డెన్సిటీ 320, సరిగ్గా 600 డీపీ.

కాబట్టి ట్యాబ్లెట్‌కు లేఅవుట్ ఎంచుకునేటప్పుడు డెన్సిటీ కేటగిరీని అడగడమే అనవసరం. ‘హెచ్‌డీపీఐ అయితే ట్యాబ్లెట్, ఎక్స్‌హెచ్‌డీపీఐ అయితే ఫోను’ అనే లెక్క ఎక్కడా నిలవదు. ఒకప్పుడు స్మాల్, నార్మల్, లార్జ్, ఎక్స్‌లార్జ్ అని సైజు కేటగిరీలు ఉండేవి. 7 అంగుళాల ట్యాబ్లెట్‌నూ 5 అంగుళాల ఫోన్‌నూ ఒకే ‘లార్జ్’ గంపలో వేస్తున్నాయని ఆండ్రాయిడ్ 3.2 నుంచి వాటి బదులు కనీస వెడల్పును డీపీల్లో అడిగే పద్ధతి తెచ్చారు. ఎస్‌డబ్ల్యూ600డీపీ, ఎస్‌డబ్ల్యూ720డీపీ అనే ఫోల్డర్లు (ఎస్‌డబ్ల్యూ అంటే స్మాలెస్ట్ విడ్త్) అప్పటివే.

ఇప్పుడు దాన్నీ దాటి, యాప్‌కు దొరికిన విండో వెడల్పును అడగడమే మంచిది. 600 డీపీ లోపు కాంపాక్ట్, 600 నుంచి 840 లోపు మీడియం, 840 నుంచి ఎక్స్‌పాండెడ్. మా వాళ్లు స్క్రీన్‌ను రెండుగా చేసి ఒక పక్క వాట్సాప్‌లో వ్యాపారి పంపిన ఫోటో, ఇంకో పక్క మన గ్రాఫ్ పెట్టుకుంటారు. 11 అంగుళాల ట్యాబ్లెట్ అడ్డంగా 1280 డీపీ. సగం చేస్తే 640 దరిదాపు, మీడియంలో ఉంటాం. 8 అంగుళాలది అడ్డంగా 960 డీపీ ఉంటుంది, సగం చేస్తే 480 కూడా రాదు, కాంపాక్ట్ అయిపోతుంది. పరికరం ట్యాబ్లెట్టే, విండో మాత్రం ఫోనంత. గూగుల్ ఇచ్చే జెట్‌ప్యాక్ విండోమేనేజర్ అనే లైబ్రరీ ఈ కొలతను నేరుగా ఇస్తుంది కాబట్టి లేఅవుట్ మొత్తం దానికే కట్టేశాను. విండో ఎక్స్‌పాండెడ్ అయితే ఎడమ పక్క రంగుల పట్టీ, కుడి పక్క గ్రాఫ్. మీడియంలో రంగుల పట్టీ కిందికి వస్తుంది. కాంపాక్ట్‌లో గ్రాఫ్ ఒక్కటే, రంగులు బటన్ నొక్కితే వస్తాయి.

213 మీద గడుల లెక్క

అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకున్నది ఇదే, తీసుకోవాల్సిందీ ఇదే.

గ్రాఫ్‌లో ఒక గడిని 24 డీపీ అనుకున్నాను. 160 మీద అది 24 పిక్సెల్స్, 240 మీద 36. రెండూ పూర్ణసంఖ్యలు, గీతలు సూటిగా పడతాయి. 213 మీద 24 డీపీ అంటే 31.95 పిక్సెల్స్. ఒక్క గడికి ఆ తేడా కంటికి ఆనదు. కానీ గడుల అంచులు 31.95, 63.9, 95.85 అంటూ పిక్సెల్స్ మధ్యలో పడుతూ పోతాయి. కొన్ని గీతలు పదునుగా, కొన్ని మసకగా వస్తాయి. సగటు యాప్‌లో ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ మాత్రం మనిషి రోజంతా ఆ గీతల మధ్య గడులు లెక్కపెడుతూ కూర్చుంటాడు. గీతల్లో ఒక లయ కనిపిస్తే కన్ను దాని వెంటే పోతుంది, మసక గీతను ఐదో గీత అనుకుని లెక్క తప్పుతుంది. ఒక గడి తప్పితే ఆ వరుస విప్పాల్సిందే.

పరిష్కారం సూటిగానే ఉంది. గడి సైజును ముందు పిక్సెల్స్‌లోకి మార్చి, అక్కడే దగ్గరి పూర్ణసంఖ్యకు సర్దాలి. 31.95 అంటే 32. ఆ 32నే గడుల సంఖ్యతో గుణించుకుంటూ పోవాలి. డీపీలో గుణించి చివర్లో పిక్సెల్స్‌లోకి మారిస్తే మళ్లీ మొదటికే వస్తుంది. జూమ్ చేసినప్పుడూ ఇదే నియమం: వేళ్లతో లాగుతున్నంత సేపూ ఎలా ఉన్నా ఫరవాలేదు, వేళ్లు ఎత్తగానే గడి దగ్గరి పూర్ణసంఖ్యకు వచ్చి కుదురుకోవాలి.

గీత మందం సంగతి కూడా ఇందులోదే. సన్న గీత ఒక పిక్సెల్, పదో గడి దగ్గర లావు గీత రెండు పిక్సెల్స్ అని 160, 213 మీద పెట్టాను. 240 మీద సన్నది ఒకటే, లావుది మూడు. వీటిని డీపీకి వదిలేయకుండా కేటగిరీని చూసి నేనే ఎంచుకున్నాను. మొత్తం యాప్‌లో డెన్సిటీ కేటగిరీని నేరుగా అడిగిన చోటు ఇదొక్కటే.

ఐకాన్ల సంగతి రెండు మాటల్లో చెప్పొచ్చు. అన్నీ వెక్టర్‌గా, అంటే పిక్సెల్స్‌తో కాకుండా గీతల లెక్కలతో గీశాం, అవి ఏ డెన్సిటీలోనైనా పదునుగానే వస్తాయి. వెక్టర్ కాని బొమ్మ ఏదైనా ఉంటే 213 స్క్రీన్ 240 ఫోల్డర్‌లోది తీసుకుని కుదించుకుంటుంది, దానికోసం విడిగా బొమ్మలు చేయక్కర్లేదు. లాంచర్ ఐకాన్ (హోమ్ స్క్రీన్ మీద కనిపించే యాప్ బొమ్మ) మాత్రం 48, 72, 96, 144, 192 పిక్సెల్స్‌లో, దానికోసమే ఉన్న మిప్‌మ్యాప్ ఫోల్డర్లలో పెట్టాం. కొన్ని ట్యాబ్లెట్ల హోమ్ స్క్రీన్ తన డెన్సిటీకి పై మెట్టులోని ఐకాన్ తీసుకుంటుంది కాబట్టి పెద్దవీ ఉండాలి.

కాకా అక్షరాలు పెద్దవి చేసుకున్నారు

8 అంగుళాల ట్యాబ్లెట్‌ను కొత్తవాడలో ఒక పెద్దాయన మగ్గం దగ్గర పెట్టి వచ్చాను. మేమంతా కాకా అనే పిలుస్తాం. కొన్నాళ్లకు వెళ్తే యాప్ రూపమే మారిపోయి ఉంది. నిలువుగా పెట్టినప్పుడు గ్రాఫ్ కింద ఉండాల్సిన రంగుల పట్టీ లేదు, ఫోన్‌లో వచ్చే లేఅవుట్ వచ్చింది.

“ఏమైంది కాకా, రంగులేవి?” అని అడిగాను.

“ఏమో బిడ్డా, అక్షరాలు ఆనుతలెవ్వని మా మనుమడు ఏదో పెద్దగ జేసిండు. గప్పటి సంది రంగులు పోయినయి. కానీ సదువుడు మంచిగున్నది, గది మాత్రం ముట్టకు.”

కేబుల్ పెట్టి చూస్తే సంగతి తేలింది. ‘ఫిజికల్ డెన్సిటీ 213, ఓవర్‌రైడ్ డెన్సిటీ 248’ అని రెండు లైన్లు వచ్చాయి. ఆండ్రాయిడ్ 7 నుంచి సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే సైజ్ అని ఒక స్లైడర్ ఉంది. దాన్ని ఒక మెట్టు జరిపితే అక్షరాలు మాత్రమే పెరగవు, డెన్సిటీయే మారిపోతుంది. 800ను 160తో గుణించి 248తో భాగిస్తే 516 డీపీ. 600 గీత దాటి కిందికి పడిపోయింది. యాప్ తనకు చెప్పినట్టే చేసింది.

ఇక్కడ కాకా మాటే ప్రమాణం. చూపు తగ్గిన మనిషికి ఆ సెట్టింగ్ అవసరం, దాన్ని వెనక్కి తిప్పమనే హక్కు మాకు లేదు. అలాగని డెన్సిటీని యాప్‌లో బలవంతంగా 213కి కట్టేసే దొంగదారి కూడా పట్టకూడదు. అది ఆయన అడిగిన సాయాన్ని ఆయనకు తెలియకుండా లాక్కోవడం. ఏ లేఅవుట్‌లోనైనా పని జరగాలి, అదే సరైన దారి. అందుకే కాంపాక్ట్ లేఅవుట్‌లో రంగుల బటన్‌తో పాటు, నడుస్తున్న వరుసలో ఉన్న రంగులను మాత్రం ఎప్పుడూ కనిపించేలా పైన సన్న పట్టీగా పెట్టాను. ఒక వరుసలో సాధారణంగా నాలుగైదు రంగులకు మించవు, 516 డీపీలో హాయిగా పడతాయి.

ఇంకో సంగతి. ఈ స్లైడర్ వల్ల 213, 240 లాంటి ముందే నిర్ణయించిన కేటగిరీలు కాకుండా 248 లాంటి నంబర్లు కూడా వస్తాయని తేలింది. ఫోన్లలో 420, 560 ముందునుంచీ ఉన్నాయి. కాబట్టి కోడ్‌లో ‘డెన్సిటీ 240కి సమానమైతే’ అని ఎక్కడా రాయకూడదు. గీత మందం దగ్గర నేను పెట్టిన షరతును కూడా ‘240 లేదా అంతకన్నా ఎక్కువైతే’ అని ఉండేలా చూసుకున్నాను.

టెస్టింగ్‌కు ప్రతిసారీ స్లైడర్ జరపక్కర్లేదు. ‘డబ్ల్యూఎం డెన్సిటీ 248’ అని కొడితే ట్యాబ్లెట్ ఆ డెన్సిటీకి మారుతుంది, ‘డబ్ల్యూఎం డెన్సిటీ రీసెట్’ అంటే మామూలుకు వస్తుంది. ‘డబ్ల్యూఎం సైజ్’ కూడా అంతే. ఒకే ట్యాబ్లెట్ మీద చాలా స్క్రీన్లను పరీక్షించవచ్చు. చేతిలో ట్యాబ్లెట్లు తక్కువున్న మనలాంటి ఊళ్లవాళ్లకు ఇది పెద్ద ఆసరా.

ఏ పువ్వు నెయ్యాలె?

అసలు కొలత పేజీకి వచ్చాం. డెన్సిటీ గురించి నాకు నిజంగా అర్థమైంది ఇక్కడే.

160 డీపీ అంటే ఒక అంగుళం అని పుస్తకాల లెక్క. దాని ప్రకారం నాలుగు అంగుళాల పువ్వును 640 డీపీ వెడల్పుతో గీసి, నాలుగు ట్యాబ్లెట్లనూ పక్కపక్కన పెట్టి స్కేలుతో కొలిచాం. 10.1 అంగుళాలదాని మీద పువ్వు నాలుగుంపావు దాటింది. 10.4 మీదా అంతే. 8 అంగుళాలదాని మీద నాలుగున్నర. 11 అంగుళాలదాని మీద 4.66, అంటే అంగుళంలో దాదాపు మూడింట రెండొంతులు ఎక్కువ. కాకా కళ్లద్దాలు సర్దుకుని ఒకదాని తర్వాత ఒకటి చూశారు.

“గా ట్యాబుల పువ్వు జెర పెద్దగ కనపడ్తాంది, గీ దాంట్ల చిన్నగున్నది. ఏ పువ్వు నెయ్యాలె బిడ్డా?”

లెక్క ఇలా ఉంది. 1280, 800లను వర్గాలు చేసి కలిపి వర్గమూలం తీస్తే మూల నుంచి మూలకు 1509 పిక్సెల్స్. 10.1తో భాగిస్తే అంగుళానికి 149.4. అదే పిక్సెల్స్‌ను 8 అంగుళాలతో భాగిస్తే 188.7. మూడోదానికి 224.3, నాలుగోదానికి 205.8. ట్యాబ్లెట్ చెప్పుకునే డెన్సిటీని ఈ నిజం అంకెతో భాగిస్తే, 160 డీపీ నిజానికి ఎన్ని అంగుళాలో వస్తుంది: 1.07, 1.13, 1.07, 1.17. నాలుగింటిలో ఏదీ ఒకటి కాదు, అన్నీ ఎక్కువే. మామూలు యాప్‌కు ఇది మేలే, 48 డీపీ బటన్ వేలికి ఇంకాస్త పెద్దగా దొరుకుతుంది. మన పువ్వుకు మాత్రం కుదరదు.

ఆండ్రాయిడ్ స్క్రీన్ వివరాలు చెప్పే డిస్‌ప్లేమెట్రిక్స్‌లో ఎక్స్‌డీపీఐ, వైడీపీఐ అని అంగుళానికి అసలు పిక్సెల్స్ ఎన్నో చెప్పే విలువలు ఉన్నాయి. అవి సరైనవైతే గొడవే లేదు. కానీ మన 8 అంగుళాల ట్యాబ్లెట్‌ను అడిగితే 213 అనే చెప్పింది, డెన్సిటీ అంకెనే తిరిగి అప్పజెప్పింది. తయారీలో ఆ విలువ నింపినవాళ్ల మీద ఆధారపడే సంగతి కాబట్టి కొన్నింట్లో సరిగ్గా ఉన్నా మన పనికి నమ్మలేం. డబ్బా మీద రాసిన అంగుళాలను అడిగి లెక్కేద్దామంటే డబ్బాలు ఎవరి దగ్గరా లేవు.

అందుకే కొలిపించడమే మేలనుకున్నాం. ప్రతి ఇంట్లో ఉండే, కొలత మారని వస్తువు కావాలి. ఏటీఎం కార్డు. ప్రపంచమంతా దానికి ఒకటే ప్రమాణం, 85.6 మిల్లీమీటర్ల పొడవు, 54కు ఒక పిసరు తక్కువ వెడల్పు. పాన్ కార్డూ, ప్లాస్టిక్ ఆధార్ కార్డూ అదే సైజు. రూపాయి నాణెం గురించి కూడా ఆలోచించాం, కానీ ఏళ్లను బట్టి సైజులు మారాయి కాబట్టి వదిలేశాం.

యాప్ మొదటిసారి తెరిచినప్పుడు స్క్రీన్ మీద రెండు నిలువు గీతలు వస్తాయి. కార్డును స్క్రీన్ మీద ఆనించి, ఎడమ అంచును ఒక గీతకు కలిపి, కుడి గీతను రెండో అంచు దాకా జరపాలి. చివర్లో ఒక్కో పిక్సెల్ జరపడానికి ప్లస్, మైనస్ బటన్లు ఇచ్చాను. 8 అంగుళాలదాని మీద రెండు గీతల మధ్య 636 పిక్సెల్స్ రావాలి, 11 అంగుళాలదాని మీద 694. చేయి వణికి మూడు పిక్సెల్స్ అటూ ఇటూ అయినా, నాలుగు అంగుళాల పువ్వు మీద తేడా అంగుళంలో యాభయ్యో వంతు. దారం మందం కన్నా పెద్దగా ఎక్కువ కాదు.

ఇక్కడ దాచుకోవాల్సిన అంకె అంగుళానికి ఇన్ని పిక్సెల్స్ అన్నది. అంగుళానికి ఇన్ని డీపీలు అని దాచుకుంటే, రేపు మనుమడు డిస్‌ప్లే సైజ్ ఇంకో మెట్టు పెంచగానే పువ్వు కొలత కూడా పెరిగిపోతుంది. పిక్సెల్ గాజు కింద ఉన్న చుక్క, స్లైడర్‌తో అది మారదు. కాకా ట్యాబ్లెట్‌లో డెన్సిటీని 213 నుంచి 248కి, మళ్లీ 213కి మార్చి పువ్వును కొలిచాం. అక్షరాలు పెరిగాయి, తగ్గాయి, పువ్వు నాలుగు అంగుళాలే ఉంది. నాలుగు ట్యాబ్లెట్ల మీదా స్కేలు ఒకటే మాట చెప్పింది.

పాత డిజైన్ల ఫోటోలు

ఇళ్లలో దాచుకున్న పాత జంపఖానాల ఫోటోలు యాప్‌తో పాటే ఇస్తున్నాం. ఇక్కడ డెన్సిటీ మెమరీని తింటుంది. 1600×1200 ఫోటో తెరిస్తే పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 7.68 ఎంబీ. దాన్ని పేరులో ఏ డెన్సిటీ లేని మామూలు డ్రాయబుల్ (బొమ్మల) ఫోల్డర్‌లో వేస్తే, ఆండ్రాయిడ్ అది 160 కోసం చేసిన బొమ్మ అనుకుని 240 స్క్రీన్ మీద ఒకటిన్నర రెట్లు పెంచుతుంది. 2400×1800, అంటే 17.28 ఎంబీ. 320 స్క్రీన్ అయితే 30.72 ఎంబీ. ఫోటో ఏమాత్రం బాగుపడదు, బరువు మాత్రం పెరుగుతుంది. తక్కువ ర్యామ్ ఉన్న ట్యాబ్లెట్ కాసిన్ని ఫోటోలకే చేతులెత్తేస్తుంది. నోడీపీఐ ఫోల్డర్‌లో పెడితే ఈ పెంచడం ఉండదు. మేం అక్కడే పెట్టి, జాబితాలో చిన్న బొమ్మలకు తగ్గించి చదివిస్తున్నాం.

చూసే దూరం

ట్యాబ్లెట్‌ను చేతిలో పట్టుకుంటారన్న లెక్కతో డెన్సిటీ పెడతారు. మగ్గం దగ్గర అది కళ్ల ముందు కొయ్యకు కట్టి ఉంటుంది, చేతిలో పట్టుకున్నదానికి రెట్టింపు దూరంలో. టీవీకి 320 ఎందుకు పెట్టారో, ఇక్కడ గడి ఎందుకు పెద్దగా ఉండాలో, కారణం ఒక్కటే. 24 డీపీ గడి డిజైన్ గీసేవాళ్లకు సరిపోయింది, నేసేవాళ్లకు చాల్లేదు. అందుకని నేత పేజీకి గడి సైజు విడిగా గుర్తుపెట్టుకునేలా చేశాను. ఎవరికి ఎంత పెద్దగా కావాలంటే అంత లాగి వదిలేస్తారు, మర్నాడూ అంతే ఉంటుంది. కాకాది దాదాపు 40 డీపీ దగ్గర ఆగింది. పక్క మగ్గం మీద నేసే చెల్లెమ్మ 30 చాలంది. తరువాతి వరుసకు పోవడానికి చిన్న బటన్ వెతుక్కోనక్కర్లేకుండా, స్క్రీన్ కింది మూడో వంతులో ఎక్కడ తాకినా ముందుకు జరుగుతుంది.

ఇప్పుడు ఎక్కడున్నాం

లేఅవుట్ విండో వెడల్పును బట్టి, గడులు పూర్ణ పిక్సెల్స్‌ను బట్టి, పువ్వు కార్డుతో కొలిచిన అంకెను బట్టి నడుస్తున్నాయి. డెన్సిటీ కేటగిరీకి గీతల మందం, లాంచర్ ఐకాన్ మాత్రమే మిగిలాయి.

తర్వాతి పని ఆండ్రాయిడ్ 16 కోసం. దాన్ని లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లను, కనీస వెడల్పు 600 డీపీ ఉన్న స్క్రీన్ల మీద ‘నిలువుగానే ఉండాలి’ అని కట్టేయలేం, సిస్టమ్ ఆ షరతును పట్టించుకోదు. నేత పేజీని ఇప్పటిదాకా నిలువుకే కట్టి ఉంచాం, ఎందుకంటే కొయ్యకు కట్టిన ట్యాబ్లెట్ కాస్త కదిలితే తెర తిరిగిపోయి వరుస కంటికి దూరమవుతుంది. ఇక తెర తిరిగినా నడుస్తున్న వరుస స్క్రీన్ మధ్యలోనే ఉండాలి, గడి సైజు మారకూడదు. 8 అంగుళాలదాని మీద, 213లోనూ 248లోనూ, ముందు అది సాధించాలి. ఆ తర్వాత 10.1 అంగుళాల పాత ట్యాబ్లెట్‌ను చెల్లెమ్మ మగ్గానికి కట్టి, ఆమె కార్డుతోనే కొలిపిస్తాం.